చెప్పినందుకు థ్యాంక్స్ అన్నారు

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక ఫిషింగ్ మెయిల్‌లోని (నమ్మించి పాస్‌వర్డ్ కాజేసే దొంగ మెయిల్) లింకు నొక్కి తన పాస్‌వర్డ్ టైప్ చేసేసింది. అనుమానం రాగానే ఎవరినీ అడగకుండా సెక్యూరిటీ వాళ్లకు ఫోన్ చేసింది. తిట్లు పడతాయని ఆమెకన్నా నేనే ఎక్కువ టెన్షన్ పడ్డాను. మేనేజర్ మాత్రం "వెంటనే చెప్పావు, థ్యాంక్స్" అన్నారు. ఆ మెయిల్ ఎలా నమ్మించిందో మర్నాడు అందరికీ ఆమె చేతే చెప్పించారు. పంపినవారి అడ్రసులో ఒక్క అక్షరమే తేడా. ట్రైనింగ్ స్లయిడ్లలో ఎన్నిసార్లు చూసినా బుర్రకెక్కని సంగతి ఆమె చెబితే ఎక్కింది.

యూరప్‌కు వచ్చాక నన్ను ఇంతగా ఆలోచనలో పడేసిన విషయం ఇంకొకటి లేదు. మన దగ్గర నేను పనిచేసిన చోట మొదటి ప్రశ్న "ఎవరు చేశారు?" అనే. సెక్యూరిటీకి మెయిల్ పెట్టాలన్నా ముందు టీమ్ లీడ్‌కు చెప్పాలి, లీడ్ మేనేజర్‌కు చెప్పాలి. ఈలోగా దొంగ లోపల తిరుగుతూనే ఉంటాడు. ఇక్కడ 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే యూరప్ సమాచార రక్షణ చట్టం ప్రకారం, జనానికి ముప్పు తెచ్చేలా వ్యక్తిగత సమాచారం లీకైతే, కంపెనీ ఆ సంగతి తెలిసిన 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు చెప్పాలి. కింది ఉద్యోగి నోరు విప్పకపోతే కంపెనీకి తెలిసేదెప్పుడు?

అయినా మనవాళ్లకు జాగ్రత్త లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకు లేనిది నిర్ణయించే అధికారం. ఫోల్డర్ యాక్సెస్‌కు ముగ్గురి అప్రూవల్ కావాలంటే, సాయంత్రానికి పని ముగించాల్సినవాడు ఫైలు వాట్సాప్‌లో తెప్పించుకుంటాడు, లేదా పక్కవాడి లాగిన్ వాడతాడు. రేపు ఏదైనా జరిగితే ఎవరు ఏం తెరిచారో నమోదయ్యే లాగ్‌లో కనబడేది ఆ పక్కవాడి పేరే. తెలిసిందంతా చెప్పేస్తే తన అవసరం తీరిపోతుందని భయపడేవాడు డాక్యుమెంటూ రాయడు.

ఇక్కడ కస్టమర్ల వివరాలు పనికి అవసరమైనవాళ్లకే అందుతాయి, ఆ గీత ఎవరూ దాటరు. మిగతా ప్రాజెక్టు సమాచారం ఎవరికి ఎంత చూపాలో ఆ పని చేసేవాళ్లే తేలుస్తారు. నిర్ణయం తనదైతే మనిషి అడిగినవాళ్లకు విడమరిచి చెబుతాడు. అక్కర్లేనివాళ్లకు కుదరదనీ ధైర్యంగా అంటాడు.

వీసా ఉద్యోగానికి ముడిపడి ఉన్న మనలాంటివాళ్లకు పొరపాటు జరిగిందని చెప్పాలంటే పిల్లల స్కూలు, ఇంటి అద్దె అన్నీ కళ్లముందు తిరుగుతాయి. ఆ భయం తీర్చకుండా ఎన్ని సాఫ్ట్‌వేర్లు కొని ఏం లాభం? మా ఆఫీసులోనూ ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు ముందు తమ ఏజెన్సీకే చెప్పాలన్న రూల్ ఇంకా ఉంది. వాళ్లూ నేరుగా సెక్యూరిటీకి ఫోన్ చేయొచ్చని, అందుకు ఎవరి కాంట్రాక్టూ పోదని రాసివ్వమని మేనేజర్, నేను కలిసి పైవాళ్లను అడుగుతున్నాం.