లెమ్మింగులు కరువైన ఏడాది

సైబీరియా ఉత్తరపు కొసన, కారా, లాప్తేవ్ సముద్రాల మధ్య ముందుకు పొడుచుకొచ్చిన తైమీర్ ద్వీపకల్పంలో జూన్ మొదటి రోజుల్లో కూడా నేల చాలావరకు మంచు కిందే ఉంటుంది. చలికాలంలో పులికాట్ సరస్సులోనూ కాకినాడ దగ్గర కోరంగి బురదనేలల్లోనూ మనకు కనిపించే కర్లూ శాండ్‌పైపర్ అనే తీరపక్షి గుడ్లు పెట్టేది తైమీర్‌లోనూ, దానికి అటూ ఇటూ ఉన్న టండ్రాలోనూ మాత్రమే. జత కట్టడం, పొదగడం, పిల్లలకు రెక్కలు రావడం, ఇవన్నీ దాదాపు రెండు నెలల్లో ముగియాలి. ఇంత ఇరుకు గడువు కోసం అంత దూరం ఎగిరిపోవడం వింతగా తోచవచ్చు కానీ, రాత్రన్నది లేని ఆ రోజుల్లో తడినేల నుంచి పుట్టుకొచ్చే దోమజాతి పురుగుల సమృద్ధి దక్షిణాన దొరకదు.

మొదటి అడ్డంకి మంచు. ఈ పక్షులు గుడ్లకు కావలసిన పోషకాలను దక్షిణాది నుంచే కొవ్వుగా మోసుకెళ్తాయన్న అభిప్రాయం ఒకప్పుడు ఉండేది. 2001లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం గుడ్లలోనూ పిల్లల నూగులోనూ ఉన్న కార్బన్ ఐసోటోపులను (వేర్వేరు బరువులున్న కార్బన్ పరమాణువులను) పరిశీలించి, ఆ పోషకాలు చాలామటుకు టండ్రాలో తిన్న తిండి నుంచే వచ్చాయని తేల్చింది. అంటే మంచు కరిగి నేల బయటపడేదాకా తిండీ లేదు, గుడ్లూ లేవు. 2018లో ఈశాన్య గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బర్గ్ పరిశోధన కేంద్రం పరిసరాల్లో మంచు మామూలుకు మించి పేరుకుని వేసవి నడిమి దాకా కరగకపోవడంతో, ఆ ఏడాది అక్కడ తీరపక్షులే కాదు, చాలా మొక్కలూ జంతువులూ సంతానం లేకుండానే గడిపాయి.

గుడ్లు పొదిగాక పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి, తమ తిండి తామే వెతుక్కుంటాయి. ఒంటి వేడిని నిలుపుకోవడం మాత్రం ఇంకా చేతకాదు. చలిగాలి వీచిన రోజున తల్లి రెక్కల కింద దూరి ఎక్కువసేపు గడపాలి కనుక తినే సమయం తగ్గుతుంది, అదే చలికి పురుగులు కూడా బయటికి రావు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కర్లూ శాండ్‌పైపర్‌లో మగపక్షి జత కట్టిన కొద్ది రోజులకే దక్షిణానికి బయలుదేరుతుంది, మిగిలిన భారమంతా ఆడపక్షిది. పిచ్చుకంత ఉండే లిటిల్ స్టింట్ అనే మరో తీరపక్షి పద్ధతి నాకు మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది: ఆడపక్షి ఒక గూటి గుడ్లను మగపక్షికి వదిలి, మరో గూటిలో పెట్టిన గుడ్లను తాను పొదుగుతుంది.

అయితే వాతావరణం ఎంత అనుకూలించినా, ఆ ఏటి ఫలితాన్ని చాలాసార్లు తేల్చేది పక్షులతో ఏ సంబంధమూ లేనట్లు కనిపించే లెమ్మింగ్ అనే ఎలుకజాతి జంతువు. తైమీర్‌లో లెమ్మింగులు సుమారు మూడేళ్లకొకసారి విపరీతంగా పెరిగి, ఆ వెంటనే దాదాపు కనిపించకుండా పోతాయి. అవి పుష్కలంగా ఉన్న వేసవిలో ఆర్కిటిక్ నక్కలు వాటినే తిని పిల్లలను పెంచుకుంటాయి, పక్షి గూళ్ల జోలికి తక్కువగా వెళ్తాయి. మరుసటి ఏడు లెమ్మింగులు పడిపోయేసరికి, పెరిగిన నక్కల సంఖ్య ఆకలితో గుడ్ల మీదా పిల్లల మీదా పడుతుంది. ఈ సంగతి ముందు తెలిసింది టండ్రాలో కాదు, పశ్చిమ ఐరోపా తీరాల్లో. తైమీర్ నుంచి శరత్కాలంలో అక్కడికి వచ్చే బ్రెంట్ జాతి పెద్దబాతుల గుంపుల్లో ఆ ఏటి పిల్లలను లెక్కపెట్టేవారికి కొన్నేళ్లు పిల్లలు దండిగానూ, కొన్నేళ్లు దాదాపు ఒక్కటీ లేకుండానూ కనిపించడం, ఆ ఎగుడుదిగుళ్లు లెమ్మింగుల చక్రంతో సరిపోవడం గమనార్హం. ఈ బాతులు కొన్నిచోట్ల మంచు గుడ్లగూబ గూటికి దగ్గరగా గుడ్లు పెడతాయి. తన గూటి దరికి వచ్చిన నక్కను గుడ్లగూబ తరిమికొడుతుంది కనుక బాతులకూ రక్షణ దొరుకుతుంది. కానీ లెమ్మింగులు లేని ఏడాది గుడ్లగూబే గుడ్లు పెట్టదు.

అందుకే మన తీరంలో తీరపక్షుల గుంపును చూసేవారు మొత్తం సంఖ్యతో ఆగకుండా, అందులో ఆ ఏటి పిల్లలెన్నో కూడా రాసుకోవాలని నా అభిప్రాయం. కర్లూ శాండ్‌పైపర్ పిల్లలకు వీపు ఈకల అంచులు లేతరంగులో పొలుసుల్లా కనిపిస్తాయి, రొమ్ము మీద లేత గోధుమరంగు ఛాయ ఉంటుంది. ఈ గుర్తులు చలికాలం ముదిరేకొద్దీ చెరిగిపోతాయి కనుక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే చూడాలి. ఒక్క ఏడాది పిల్లలు తగ్గినంత మాత్రాన ఆందోళన అక్కర్లేదు, ఈ పక్షులు చాలా ఏళ్లు బతుకుతాయి. చెడ్డ ఏళ్లు వరుసకట్టినప్పుడే ముప్పు.

అలా వరుసకట్టే అవకాశం పెరుగుతోంది. లెమ్మింగులు చలికాలంలో దట్టమైన మంచుపొర కిందే పిల్లలు పెడతాయి. నడుమ మంచు కరిగి మళ్లీ గడ్డకడితే వాటికి మేత అందదు. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో 2000 ప్రాంతం నుంచి వాటి చక్రం చదునైపోయింది, దానితోపాటు మంచు గుడ్లగూబల సంతానమూ బాగా తగ్గింది. తైమీర్‌లోనైతే మూడు దశాబ్దాలుగా మంచు ఏటికి సుమారు అరరోజు చొప్పున ముందే కరుగుతూ వచ్చింది. మంచు ముందే కరిగితే పురుగులూ ముందే పుట్టుకొస్తాయి. ఆ పురుగుల అదను దాటాక పుట్టిన, అక్కడే గుడ్లు పెట్టే రెడ్ నాట్ అనే తీరపక్షి పిల్లలు చిన్నవిగా, పొట్టి ముక్కుతో ఎదుగుతున్నాయని 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అవి చలికాలం గడిపే మారిటేనియా తీరపు బాంక్ దార్గాఁలో ముఖ్యమైన ఆహారం ఇసుక లోతున ఉండే ఆల్చిప్పలు. పొట్టి ముక్కుకు అవి అందవు కనుక, టండ్రాలో బతికి బయటపడ్డ ఆ పిల్లల్లో చాలా భాగం ఆఫ్రికా తీరంలో చనిపోతున్నాయి.