మీటర్‌లో 1.00, ప్లగ్ మీద మసి

పొద్దున్న అయిదున్నరకే లేచాను. ఏప్రిల్ నెలలో బెజవాడ ఎండ సంగతి తెలిసిందే. తొమ్మిది దాటితే బానెట్ కింద వేడికి ఇంజిన్ పీల్చే గాలే మారిపోతుంది. అందుకే తమ్ముణ్ణి కూడా లేపి, వాడి ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టి, గొల్లపూడి దాటి ఇబ్రహీంపట్నం వైపు బయల్దేరాం.

బండి నాన్న 2002లో కొన్న ఎస్టీమ్. 1298 సీసీ, పదహారు వాల్వులు, కంపెనీ లెక్కలో 85 హార్స్‌పవర్. టర్బో పెట్టించమని చాలామంది అన్నారు. నాకు ఆ ఆలోచనే లేదు. గాలిని తనంతట తాను పీల్చుకునే ఇంజిన్, యాక్సిలరేటర్ మీద కాలు ఎంత కదిపితే అంతే కదులుతుంది. ఆ లొంగుబాటు నాకిష్టం. అందుకే వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్ట్ కొంచెం పెద్దది వేయించాను, 4-2-1 హెడ్డర్ (నాలుగు సిలిండర్ల పొగ పైపులు రెండుగా, చివరికి ఒకటిగా కలిసేది) చేయించాను. పాత ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) తీసేసి మనం ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూ పెట్టుకున్నాను. అంటే ఇప్పుడు ఏ ఆర్‌పీఎంలో, ఎంత లోడులో ఎంత పెట్రోలు పోయాలో చెప్పాల్సింది నేనే. దానికి మ్యాప్ అనే పట్టిక ఉంటుంది: పదహారు వరసలు, పదహారు నిలువులు, మొత్తం 256 గడులు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మ్యానిఫోల్డ్‌లో ప్రెషర్, ఆర్‌పీఎం, గాలి వేడి చూసి ఈసీయూ ఆ గడిలో అంకె తీసుకుని ఇంజెక్టర్‌ని ఎంతసేపు తెరవాలో లెక్క కడుతుంది. పెట్రోలు ఎక్కువైందా తక్కువైందా అన్నది సైలెన్సర్ పైపులో పెట్టిన, పొగలో ఆక్సిజన్ చూసే వైడ్‌బ్యాండ్ సెన్సర్ మీటర్‌లో చెబుతుంది. ఆ అంకె పేరు లాంబ్డా: 1 అయితే సరి, పైన ఉంటే లీన్ (పెట్రోలు తక్కువ), కింద ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ).

పోయిన వారం వరకూ అంతా బాగానే ఉంది. ఈ వారం మీటర్ లీన్ చూపించడం మొదలుపెట్టింది. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, లాంబ్డా 1.2. రోడ్డు మీద నిదానంగా పోతుంటే 1.12. నేను పెట్రోలును అనుమానించాను. బంకులో పోస్తున్నది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌కి గాలి తక్కువ చాలు, అందుకని మామూలు పెట్రోలుకి 14.7 అనుకునే గాలి-పెట్రోలు నిష్పత్తి ఈ20కి సుమారు 13.5కి దిగుతుంది. నేను చూసేది లాంబ్డానే కాబట్టి ఏ పెట్రోలైనా లక్ష్యం 1 దగ్గరే ఉంటుంది, కానీ పోయాల్సిన పెట్రోలు పెరుగుతుంది. అంతే అయ్యుంటుందని నమ్మి రాత్రి కూర్చుని గడులు దిద్దాను. లెక్క తేలికే. 2400 ఆర్‌పీఎం దగ్గర గడిలో 46 ఉంది, మీటర్ 1.12 అంటోంది, రెండూ గుణిస్తే 51.5. అలా కింద వరసలన్నీ పెంచేశాను.

ఈ పొద్దున మీటర్ సరిగ్గా 1.00 చూపించింది. తమ్ముడు "అన్నయ్యా, గీత గీసినట్టుంది!" అన్నాడు. కానీ బండి హాయిగా లేదు. కాలు కొంచెం ఆనిస్తే ముందుకు రావడానికి ఆలోచిస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దం దించితే కళ్లు మండే పెట్రోలు వాసన. ఒక ఖాళీ చోట రెండో గేరులో పూర్తిగా తొక్కి చూశాను. 0.88. పోయిన వారం ఎంతో ఇప్పుడూ అంతే, చక్కగా లాగింది. అప్పుడు కూడా నాకు వెలగలేదు. ఇప్పుడు రాస్తుంటే ఎంత సూటిగా చెప్పిందో అనిపిస్తోంది.

తిరిగొచ్చి ఆటోనగర్ వెళ్లాం. ఆదివారం కదా, సగం షెడ్లు మూసే ఉన్నాయి. మా మేస్త్రి మాత్రం వస్తానని ముందే మాట ఇచ్చాడు. నాన్న స్కూటర్ రోజుల నుంచీ మా ఇంటి బళ్లన్నీ చూసేది ఆయనే. ల్యాప్‌టాప్ తెరిచి చూపించబోతే, "అది తర్వాత చూద్దాం బాబూ, ముందు ప్లగ్గులు తియ్యనీ" అన్నాడు. నాలుగూ తీసి గుడ్డ మీద వరసగా పెట్టాడు. నాలుగింటి మీదా పొడి మసి, వేలికి అంటుకునేంత. "ఇది లీన్ బండా?" అని అడిగాడు.

నేను ఈ20 సంగతి చెప్పాను. ఆయన విని, "పెట్రోలు మారితే అంతటా మారాలి కదా. ఫుల్ తొక్కినప్పుడు ఎందుకు మారలేదు?" అన్నాడు. నాకు మాట రాలేదు. నిజమే. ఇంధనం వల్ల వచ్చే తేడా అన్ని గడుల్లోనూ దాదాపు ఒకే శాతంలో కనబడాలి. ఐడిల్‌లో ఇరవై, రోడ్డు మీద పన్నెండు, ఫుల్ త్రాటిల్‌లో సున్నా అయితే అది పెట్రోలు పని కాదు.

హెడ్డర్ ప్యాకింగ్ ఎక్కడో లీకవుతోందన్నాడు మేస్త్రి. సైలెన్సర్ చివర గుడ్డలు కుక్కి, మధ్యలో కంప్రెసర్ పైపు పెట్టి మెల్లగా గాలి వదిలాడు. హెడ్డర్ జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లాడు. నాలుగో సిలిండర్ దగ్గర బుడగలు పొంగాయి. అక్కడ హెడ్డర్‌ని బిగించే స్టడ్ వదులైపోయి ఉంది.

వారం రోజులుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే చిట్ చిట్ అని సన్నగా వినిపిస్తోంది. వేడెక్కగానే పోతుంది. వాల్వుల దగ్గరి ట్యాపెట్ చప్పుడు అనుకున్నాను. వేడికి ఇనుము వ్యాకోచించి సందు కాస్త మూసుకుంటే శబ్దం తగ్గుతుందని మేస్త్రి చెప్పాక అర్థమైంది.

ఇంజిన్ పొగను ఒకే ధారగా వదలదు, ఒక్కో దెబ్బగా వదులుతుంది. రెండు దెబ్బల మధ్య పైపులో ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్‌కి తెలిసేది ఆక్సిజన్ ఒక్కటే. అది సిలిండర్‌లో కాలకుండా మిగిలిందా, దారిలో చేరిందా అన్నది దానికి తెలియదు. ఐడిల్‌లో పొగ తక్కువ, కాబట్టి ఆ కొద్ది గాలే పెద్ద తేడా. ఫుల్ తొక్కినప్పుడు పొగ ధాటికి అది లెక్కలోకే రాదు. నేను దిద్దిన 1.00 వెనక అసలు ఇంజిన్ ఐడిల్‌లో సుమారు 0.81 దగ్గర, పెట్రోలులో మునిగి నడుస్తోంది. ఇంకో వారం ఇలాగే తిప్పి ఉంటే పెట్రోలు సిలిండర్ గోడల మీద నూనెను కడిగేసేది. ఇంజిన్ ఆయిల్‌లో కలిసేది. తలుచుకుంటేనే టెన్షన్ వచ్చింది. నాన్న ఇరవై ఏళ్లు నొప్పి తెలియకుండా నడిపిన ఇంజిన్ అది.

కొత్త ప్యాకింగ్, కొత్త స్టడ్లు, ప్లగ్గులు శుభ్రం. మేస్త్రి నట్లు మధ్య నుంచి అంచులకు బిగిస్తూ వెళ్లాడు, బండి వేడి చేసి చల్లారాక మళ్లీ ఒకసారి బిగించాడు. ఈలోగా నేను రాత్రి మార్చిన మ్యాప్ పక్కన పెట్టి పోయిన వారం ఫైలు ఎక్కించాను. చిట్ చిట్ లేదు. ఐడిల్ 0.97. కామ్ పెద్దది కాబట్టి అక్కడ కాస్త రిచ్‌గా ఉంటేనే నిలకడగా తిరుగుతుంది, అలాగే వదిలేశాను. డబ్బులు ఇవ్వబోతే ప్యాకింగ్, స్టడ్ల వరకే తీసుకున్నాడు.

సాయంత్రం మళ్లీ అదే రోడ్డు. 1.02, 1.00, 1.01. ఈసారి మీటర్ కన్నా ఎక్కువగా బండినే వింటూ నడిపాను. కాలు ఆనగానే కదిలింది. తమ్ముడు అద్దం దించి వాసన చూసి తల అడ్డంగా ఊపాడు, ఏమీ లేదని.

ఇంటికొచ్చేసరికి నాన్న వరండాలో ఉన్నారు. ఇంజిన్ ఆపబోతుంటే చెయ్యెత్తి ఆగమన్నారు. కాసేపు విన్నారు. "ట్యాపెట్ సరిచేయించావా?" అని అడిగారు. ఆయనకూ వినబడుతూనే ఉందన్నమాట.

ఫైలు పేరులో ఇవాళ్టి తేదీ వేసి సేవ్ చేశాను. రేపు పొద్దున్నే, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలి.