టీబీ మాత్రలు, పచ్చబడిన కళ్ళు, నా లివర్ రిపోర్టు

మెడ పక్కన గడ్డ లేస్తే పంటి నొప్పి వల్లేమో అనుకున్నాం, ఎంతకీ తగ్గకపోయేసరికి సూదితో తీసి టెస్ట్ చేస్తే టీబీ అని తేలింది. దగ్గు లేదు, కళ్ళె లేదు, అయినా టీబీనే. ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది, రోజుకి ఎన్ని అనేది మన బరువును బట్టి ఇస్తారు, నాకు మూడు. తిరుపతిలోనే ఫ్రీగా ఇచ్చారు. ఒంటేలు ఎర్రగా వస్తుంది భయపడొద్దు అని ముందే చెప్పారు కాబట్టి దానికి భయపడలేదు.

భయపడింది కళ్ళకి. పెరటాసి నెల అది, మా ఇంట్లో తిరుమల శనివారం అంటే తళిగ వేసి గోవిందలు కొట్టేదాకా ఎవరం ఏమీ నోట్లో పెట్టుకోం, నేను పొద్దున మాత్రలు మాత్రం మింగి మిగతా వాళ్ళలాగే ఉన్నా. మర్నాడు కుళాయి దగ్గర ఎండలో అమ్మ నా మొహం పట్టుకుని చూసి "పాపా, కళ్ళేంది ఇట్లా పచ్చంగా ఉండాయి" అంది. దగ్గర్లో ఒక క్లినిక్‌లో రక్తం ఇస్తే కళ్ళని పచ్చగా చేసే పదార్థం, బిలిరుబిన్, 3.1 వచ్చింది, మామూలుగా 1.2 లోపు ఉండాలి. అక్కడాయన రిపోర్ట్ మొదటి లైన్ చూసి టీబీ మాత్రలు అన్నీ ఆపేయమన్నాడు. పుత్తూరు నుంచి మామ ఫోన్ చేసి "ఆపెయ్ పాపా, కామెర్లకి పసురు పోయిస్తాను రా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, కానీ టీబీ మందు మనంతట మనం మధ్యలో ఆపితే రోగం మొండికేస్తుందని నాకు తెలుసు, అందుకే ఏదీ ఆపకుండా, పసురూ తాగకుండా అదే రోజు మా టీబీ డాక్టరమ్మ దగ్గరికి పోయినా.

ఆమె మొదటి లైన్‌తో ఆగలేదు. వేలు పెట్టి కిందికి చదివింది. డైరెక్ట్, అంటే లివర్ మార్చేసిన బిలిరుబిన్ 0.4, ఇన్‌డైరెక్ట్, అంటే ఇంకా మార్చనిది 2.7. లివర్‌కి దెబ్బ తగిలితే పెరిగే ఎస్‌జీపీటీ 34, ఎస్‌జీఓటీ 31, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, అన్నీ నార్మల్. వాంతులు ఉన్నాయా, ఆకలి వేస్తోందా అని అడిగి, "నిన్న ఎప్పుడు తిన్నావమ్మా" అంది. శనివారం సంగతి చెప్పినా. "ఇంతకు ముందు ఎప్పుడైనా కళ్ళు పచ్చబడ్డాయా?" ఇంటర్‌లో టైఫాయిడ్ వచ్చినప్పుడు పచ్చబడ్డాయి, అప్పుడూ కామెర్లే అన్నారు. హిమోగ్లోబిన్, రెటిక్ కౌంట్ (కొత్త ఎర్ర రక్తకణాల లెక్క) చేయించింది, ఎర్ర రక్తకణాలు మామూలు కంటే ఎక్కువగా విరగడం లేదని తెలిసింది. కడుపు నిండా తింటూ ఉండమని, మాత్రలు ఆపకుండానే వారం తర్వాత మళ్ళీ చేయిస్తే 1.8కి దిగింది.

దీన్ని గిల్బర్ట్ సిండ్రోమ్ అంటారంట, 1901లోనే ఫ్రాన్స్‌లో గిల్బర్ట్ అనే డాక్టరు దీని గురించి రాసినాడు. పాత ఎర్ర రక్తకణాలు విరిగితే వచ్చే పసుపు పదార్థమే బిలిరుబిన్, లివర్‌లో ఒక ఎంజైమ్ దాన్ని నీళ్ళల్లో కరిగేలా మారిస్తేనే పిత్తంతో బయటికి పోతుంది. ఆ ఎంజైమ్‌కి సంబంధించిన జీన్ పేరు యూజీటీ1ఏ1. ఆ జీన్ మొదట్లో టీఏ అనే డీఎన్‌ఏ అక్షరాల జత మామూలుగా 6 సార్లు ఉంటుంది, గిల్బర్ట్ ఉన్నవాళ్ళల్లో ఎక్కువమందికి 7 సార్లు, దాంతో ఎంజైమ్ పని మూడో వంతుకి పడిపోతుంది. లివర్‌కి ఏ దెబ్బా ఉండదు. ఉపవాసం ఉన్నా జ్వరం వచ్చినా పచ్చదనం పెరుగుతుంది, పైగా మా టీబీ మాత్రలో ఉండే రిఫాంపిసిన్ అనే మందు మొదలుపెట్టిన కొత్తల్లో బిలిరుబిన్ లివర్ కణాల్లోకి పోయే దారికి అడ్డం పడుతుంది, నాకు ఉపవాసం, ఆ మందు రెండూ ఒకేసారి కలిసొచ్చినాయి. జీన్ టెస్ట్ అవసరం లేదంది, ఈ అంకెలే చాలు అంది.

ఇది చదివి కళ్ళు పచ్చబడితే ఏం కాదులే అని ఎవరూ అనుకోవద్దు దయచేసి. మాత్రలకి వచ్చినప్పుడు పరిచయమైన చంద్రగిరి అన్నకి సరిగ్గా దీనికి రివర్స్ జరిగింది, ముందు అన్నం వాసనకే వాంతులు, కళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి, చూస్తే ఎస్‌జీపీటీ 400 దాటింది. ఆయనకి అదే రోజు మందులు ఆపేసి, లివర్ మీద భారం లేని వేరే మందులు ఇచ్చి, అంకెలు దిగినాక ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టినారు. వాంతుల్లాంటి లక్షణాలు ఉంటే ఎస్‌జీపీటీ నార్మల్‌కి మూడు రెట్లు, లేకపోయినా ఐదు రెట్లు దాటితే ఆపుతారంట. ఆ మాత్రలోనే ఉండే ఐసోనియాజిడ్ అనే మందుని అరగదీసేది ఎన్‌ఏటీ2 అనే జీన్ ఇచ్చే ఎంజైమ్, అది నిదానంగా పనిచేసే వాళ్ళు మన దేశంలో సగానికి పైనే ఉన్నారు, వాళ్ళందరికీ లివర్ పాడవదు కానీ ప్రమాదం మాత్రం మిగతావాళ్ళ కంటే ఎక్కువ. అదే మాత్ర, అదే బరువు, అయినా ఇద్దరి రిపోర్టులూ ఎంత తేడానో చూడండి.

నాకు కోర్సు మొత్తం అయిపోయింది, గడ్డ కరిగిపోయింది, రాగి సంగటి మళ్ళీ ఇష్టంగా తింటున్నా. బిలిరుబిన్ ఇప్పటికీ 1.6 దగ్గరే ఉంటుంది, ఉండనీ. డాక్టరమ్మ ఫైల్ మీద గిల్బర్ట్ అని రాసిచ్చి, ఎప్పుడు ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఇది చూపించు అంది, ఎందుకంటే ఇరినోటెకాన్ అనే క్యాన్సర్ మందుని కూడా ఇదే ఎంజైమ్ బయటికి పంపాలి, గిల్బర్ట్ ఉన్నవాళ్ళకి డోస్ తగ్గించాల్సి రావచ్చు. మా తమ్ముడికి కూడా జ్వరం వస్తే కళ్ళు పచ్చబడతాయి, వాడికి కూడా డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ విడివిడిగా చేయించినాం, వాడిదీ నాలాగే ఉంది.