కర్నూలు రాజధానిగా ఏర్పడిన తొలి మంత్రివర్గం పట్టికను సరిచూసిన నా అనుభవం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కొలువుదీరిన తొలి మంత్రివర్గం వివరాలను మా పాఠశాల గోడమీద పట్టికగా రాయించాలని సంకల్పించాను. పదమూడు నెలలకే పడిపోయిన మంత్రివర్గం కనుక పేర్లు సేకరించడం ఎంతసేపటి పని అని తోటి ఉపాధ్యాయులు అన్నారు. సాంఘికశాస్త్రం చెప్పే నాకు మాత్రం, ఈ ఊరి పిల్లలు రోజూ చూసే గోడమీద రాసే ప్రతి పేరూ ఆనాటి అచ్చుకాగితంలో కంటితో చూసినదే అయి ఉండాలన్న పట్టుదల ఉండేది.

చేతికందిన పుస్తకాల్లోని జాబితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. కొంత పరిశీలించాక కారణం బోధపడింది. టంగుటూరి ప్రకాశం పంతులు రెండుసార్లు ప్రభుత్వానికి నాయకత్వం వహించారు: 1946 ఏప్రిల్ 30 నుంచి 1947 మార్చి 23 వరకు ఉమ్మడి మద్రాసులో, ఆ తర్వాత 1953లో కర్నూలులో. రెండూ అల్పాయుష్షు ప్రభుత్వాలే. ఏ సంవత్సరమో చెప్పకుండా ‘ప్రకాశం మంత్రివర్గం’ అని శీర్షిక పెట్టి వదిలేసిన చోట ఈ రెండూ కలిసిపోతాయి. వి.వి.గిరి, రుక్మిణీ లక్ష్మీపతి పేర్లు కనిపిస్తే అది మద్రాసు జాబితా అని నిశ్చయించుకోవచ్చు.

అసలు చిక్కు కర్నూలులోనే ఏర్పడిన రెండో మంత్రివర్గంతో వచ్చింది. 1955 మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయినప్పుడు కూడా ఉపముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డే. దామోదరం సంజీవయ్య రెండింటిలోనూ మంత్రి. కాబట్టి వీరి పేర్లను బట్టి ఏ జాబితా ఏ ఏటిదో తేల్చలేము. నాకు దారి చూపిన పేరు తెన్నేటి విశ్వనాథం. ప్రకాశంగారి వెంట నడిచిన ఆయన 1953లో ఆర్థిక, న్యాయ శాఖలు చూశారు. గోపాలరెడ్డి మంత్రివర్గంలో లేరు.

సమాచార హక్కు చట్టం కింద ఒక కార్యాలయానికి దరఖాస్తు పెడితే, ఆ రికార్డు తమ దగ్గర లేదని జవాబు వచ్చింది. దానితో గ్రంథాలయంలోని పాత పత్రికల సంపుటాలే ఆధారమయ్యాయి. బైండు చేసిన సంపుటం బల్లమీద పెట్టి, గ్రంథాలయ సహాయకుడు నాకు మొదట చెప్పిన మాట, ‘సార్, మూల పట్టుకొని తిప్పొద్దు, కింద అట్ట జొనిపి లేపండి’ అని. అలాగే ఒక్కొక్క పుట లేపుతూ పోయాను. ప్రధానమంత్రి నెహ్రూ వచ్చి రాష్ట్రాన్ని ప్రారంభించిన సందడి, గవర్నరు చందూలాల్ త్రివేది పేరు, మంత్రుల వార్తలు మడత నలిగిన కాలమ్‌లలో వరుసగా కనిపించాయి. అక్కడే పత్రిక చదువుకుంటున్న ఒక పెద్దాయన నా పని తెలుసుకొని, ‘మా నాయన అప్పుడు గుమాస్తా నాయనా, గుడారాల్లోనే ఫైళ్లు రాసేవాళ్లంట, గాలొస్తే కాగితాలమీద రాళ్లు పెట్టుకునేవాళ్లంట’ అని చెప్పారు.

చదివేకొద్దీ ఈ కూర్పు వెనుక ఎంత సర్దుబాటు ఉందో నాకు స్పష్టమైంది. 140 మంది ఉన్న సభలో కాంగ్రెసుకు సొంత బలం చాలలేదు. అందుకే ప్రజా సోషలిస్టు పార్టీని వదులుకొని వచ్చిన ప్రకాశంగారిని నాయకుడిగా అంగీకరించింది. ముఖ్యమంత్రి కోస్తావారు కాగా, అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యారు. రాజధాని గాని హైకోర్టు గాని రాయలసీమకు దక్కాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక (కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన ఒప్పందం) ప్రకారం రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు 1954లో గుంటూరులో ఏర్పడింది. ఈ నేపథ్యం లేకుండా పేర్లు మాత్రమే రాస్తే ఆ పట్టిక పిల్లలకు ఏమీ చెప్పదని నా అభిప్రాయం.

అందుకే వయసుల గడి కూడా చేర్చాను. ప్రమాణ స్వీకారం నాటికి ప్రకాశంగారికి 81 ఏళ్లు, సంజీవరెడ్డికి 40, మన కర్నూలు పక్కనున్న పెదపాడులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన సంజీవయ్యకు 32. ఆ ముప్పై రెండేళ్ల మంత్రి 1960లో ముఖ్యమంత్రి అయ్యారని రాయించేటప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పుకోదగ్గది. ఇంకొక విశేషం: ప్రకాశంగారి రెండు మంత్రివర్గాల్లోనూ తర్వాతి కాలపు రాష్ట్రపతి ఒకరున్నారు, మద్రాసులో గిరి, కర్నూలులో సంజీవరెడ్డి.

చివరగా పదవీకాలం ముగిసిన తేదీని తేల్చాల్సి వచ్చింది. మద్యనిషేధాన్ని ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసినా ప్రభుత్వం అంగీకరించలేదు. దానిపై కల్లుగీత కార్మికుల ఆందోళన సాగింది. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం 69–68 ఓట్లతో నెగ్గింది. రాష్ట్రపతి పాలన మాత్రం నవంబరు 15న మొదలైంది. కొన్ని పుస్తకాలు మొదటి తేదీని, కొన్ని రెండో తేదీని ఇవ్వడానికి కారణం ఇదే. ఒకటి ఉంచి ఒకటి తీసేయడానికి నాకు మనసొప్పలేదు. అవిశ్వాసంలో ఓడిన తేదీకి ఒక గడి, రాష్ట్రపతి పాలన మొదలైన తేదీకి ఒక గడి గీయించి, మొదటిదాని పక్కన ఓట్ల అంకెలు కూడా వేయించాను.