శంకరశాస్త్రి కన్నా ముందు రామప్ప పంతులు

ఫిబ్రవరి 2 వచ్చిందంటే చాలు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపు నిండా శంకరాభరణం పాటలే. 1980లో ఆ రోజునే సినిమా విడుదలైంది. 2023లో దాని దర్శకుడు విశ్వనాథ్ గారు కన్నుమూసిందీ ఆ రోజునే. పాటల మధ్యలో శంకరశాస్త్రి వేషంలో జె.వి. సోమయాజులు గారి ఫొటో ఒకటి తప్పకుండా వస్తుంది. నుదుట బొట్టు, ఒంటి మీద ఉత్తరీయం, ఎవరికీ తలవంచని ఆ చూపు. కింద వరసగా దండాలు. నేనూ పెడతాను. కానీ విజయనగరంలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి, ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు ఇంకో మనిషి కూడా గుర్తొస్తాడు. వాడి పేరు రామప్ప పంతులు.

గురజాడ నాటకం కన్యాశుల్కం చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. రామప్ప పంతులు రామచంద్రపురం అగ్రహారంలో ఉంటాడు. పని ఏమిటంటే తగాదాలు పెట్టించడం, దావాలు వేయించడం, దొంగ ఉత్తరాలు పుట్టించడం. వేశ్య మధురవాణిని ఇంట్లో పెట్టుకుంటాడు, లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షిని మోసం చేస్తాడు. ముసలి లుబ్ధావధాన్లుకి చిన్నపిల్లని కట్టబెట్టే బేరంలోనూ తన వాటా తాను చూసుకుంటాడు. పైకి మాత్రం పెద్దమనిషి. తెలుగు నాటకంలో ఇంత నిండైన దగుల్బాజీ మరొకడు దొరకడం కష్టం. సోమయాజులు గారు దశాబ్దాల తరబడి వేసిన వేషం ఇదే. శంకరశాస్త్రి వేషం కట్టింది యాభై దాటాక.

ఆయనది శ్రీకాకుళం వైపు లుకలాం అగ్రహారం. తమ్ముడు జె.వి. రమణమూర్తి గారు. కన్యాశుల్కం విషయంలో అన్నదమ్ములిద్దర్నీ విడదీసి మాట్లాడలేం. తమ్ముడు దర్శకుడు, మాటల మాయగాడు గిరీశం వేషం కూడా ఆయనదే. అన్న రామప్ప పంతులు. 1953లో మొదలుపెట్టి దాదాపు 45 ఏళ్ళు ఆడారని, 500 ప్రదర్శనల దాకా ఇచ్చారని చెబుతారు. గురజాడ రాసింది రాసినట్టు ఆడితే రాత్రంతా పడుతుంది. దాన్ని జనం కూర్చుని చూడగలిగినంతకు కుదించి, ఊరూరా తిప్పి, పుస్తకం ముట్టనివాళ్ళకి కూడా గిరీశాన్నీ మధురవాణినీ పరిచయం చేసిన పుణ్యం రమణమూర్తి గారిది. 1892లో ఆ నాటకం మొదటిసారి ఆడింది మా విజయనగరంలోనే, జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు. అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ మా ఊరి మీదుగానే దానికి ఊపిరి వచ్చింది. ఈ మాట చెప్పుకోవడం నాకు గర్వంగానే ఉంటుంది.

ఆ అన్నదమ్ముల్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మంచం కింద ఘట్టం. మధురవాణి ఇంటికి గిరీశం వచ్చేసరికి రామప్ప పంతులు మంచం కింద దాక్కుంటాడు. తర్వాత పూటకూళ్ళమ్మ గిరీశం కోసం చీపురుకట్ట పుచ్చుకుని వస్తుంది. భయపడి గిరీశం కూడా అదే మంచం కిందకి దూరతాడు. దెబ్బలు పడేది పంతులికి. ఆ వేషాలు రెండూ ఒక తల్లి బిడ్డలవని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఆ పంతులు వేసేది మామూలు మనిషా? బయట రెవెన్యూ శాఖలో అధికారి, డిప్యూటీ కలెక్టరు దాకా వెళ్ళినవాడు.

మా నాన్న కూడా రెవెన్యూలోనే పనిచేశారు, కింది స్థాయిలో. వాళ్ళ నాటకం ఆయన చాలాసార్లు చూశారు. ఆయన ఓ మాట అనేవారు: రామప్ప పంతుల్ని చూడ్డానికి సోమయాజులు గారు పుస్తకం తిరగేయక్కర్లేదురా, పొద్దున్న ఆఫీసు తలుపు తీస్తే వరండాలో నలుగురు కూర్చుని ఉంటారు అని. నిజమే. పొలం గట్టు తగాదాకి సాక్షుల్ని తయారుచేసేవాడు, లేని సంతకాన్ని పుట్టించేవాడు, రెండు పక్షాల దగ్గరా డబ్బు తిని ఇద్దరికీ ఆప్తుడిలా తిరిగేవాడు. తాలూకాఫీసు చుట్టూ ఇలాంటివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళు అరవరు. గొంతు తగ్గించి, దగ్గరికి జరిగి, మీ మంచి కోరి చెప్తున్నట్టు మాట్లాడతారు. సోమయాజులు గారి పంతులు అలాగే మాట్లాడేవాడట. అంత నిలువెత్తు మనిషి, అంత గంభీరమైన గొంతు, ఒక్కసారిగా ఒదిగిపోయి గుసగుసలోకి దిగేసరికి హాల్లో వెనక వరసవాళ్ళు కూడా ముందుకు వంగేవాళ్ళని నాన్న చెప్పేవారు.

కంటె ఘట్టం గురించి ఆయన ఇంకా ఎక్కువ చెప్పేవారు. పెళ్ళికూతురికి పెట్టడానికని పంతులు మధురవాణి కంటె పట్టుకెళ్తాడు. ఆ పెళ్ళికూతురు ఆడపిల్ల కాదు, అసలు చిన్నపిల్ల మేనమామ కరటకశాస్త్రి ఆడవేషం వేసి తెచ్చిన శిష్యుడు. వాడు కంటెతో సహా మాయమవుతాడు. ఇక మధురవాణి నా కంటె నాకు తెచ్చి ఇమ్మని పట్టుబడుతుంది. అందర్నీ ఆడించినవాడు ఒక్క నగ దగ్గర చిక్కుకుపోతాడు. అక్కడ పంతుల్ని చూస్తే నవ్వూ వస్తుంది, ఎక్కడో కాస్త జాలీ వేస్తుంది. జాలి పుట్టించడమే కష్టం. దుర్మార్గుణ్ణి దుర్మార్గుడిగా చూపించడం పాతికమంది చేస్తారు.

ఇక శంకరాభరణం.

అప్పటికి తమ్ముడు రమణమూర్తి గారు సినిమాల్లోకి వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది. 1957లో వచ్చిన ఎం.ఎల్.ఎ.తోనే ఆయన తెర మీదకి వచ్చారు. అన్నగారు మాత్రం ఉద్యోగం, నాటకం. మహబూబ్‌నగర్‌లో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రోజుల్లో విశ్వనాథ్ గారి పిలుపు వచ్చింది. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారు. సినిమా జనానికి పెద్దగా తెలియని, యాభై దాటిన మనిషిని కథానాయకుడిగా పెట్టి, శాస్త్రీయ సంగీతం మీద సినిమా తీయడమంటే ఆ రోజుల్లో ఎంత ధైర్యమో ఆలోచించండి. మొదట్లో హాళ్ళు పలచగానే ఉన్నాయి. తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. తమిళనాడులో, కేరళలో కూడా ఆ పాటలు తెలుగులోనే మోగాయి. ఉత్తమ వినోదాత్మక చిత్రంగా స్వర్ణకమలం, మహదేవన్ గారికీ బాలు గారికీ వాణీ జయరాం గారికీ జాతీయ అవార్డులు వచ్చాయి.

సోమయాజులు గారు గాయకుడు కారు. పాడింది బాలు గారు. ఈ సంగతి తెలిసి కూడా సినిమా చూస్తున్నంతసేపూ మనకి అనుమానం రాదు. పెదాలు కలపడం ఒక్కటే అయితే ఎవరైనా సాధన చేస్తే వస్తుంది. గమకం దగ్గర మెడ నరం బిగుసుకోవడం, పై స్థాయి అందుకునే ముందు ఛాతీ నిండా గాలి పీల్చడం, స్వరం ముగిశాక ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఉండిపోవడం, ఇవన్నీ ఒళ్ళంతా కదిలితేనే నప్పుతాయి. మైకు లేకుండా చివరి వరసదాకా గొంతు పంపడం నేర్చుకున్నవాడికి ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో తెలుస్తుంది. ఆ పాటల్లో పనికొచ్చింది రంగస్థలం నేర్పిన ఊపిరే అని నా నమ్మకం.

ఒక సన్నివేశం మటుకు మళ్ళీ మళ్ళీ చూస్తుంటాను. బ్రోచేవారెవరురా కీర్తనని ఇష్టం వచ్చినట్టు సాగదీసి పాడుతున్న దాసుని శాస్త్రి గారు ఆపి కోప్పడే చోటు. అమ్మా అనే ఒక్క పిలుపు ఆకలేసినప్పుడు ఎలా ఉంటుందో, దెబ్బ తగిలినప్పుడు ఎలా ఉంటుందో పలికి చూపిస్తారు. సంగీతం లేదు, వాయిద్యం లేదు, ఒక్క మాటే. ఆకలి వేసిన పిలుపులో గొంతు పలచనవుతుంది. దెబ్బ తగిలిన పిలుపు కడుపులోంచి తన్నుకొస్తుంది. అంత ఆజానుబాహువు, నెరిసిన జుట్టు మనిషి, ఆ రెప్పపాటు చంటివాడైపోతాడు. సినిమాలో కీర్తనలు అన్నీ ఒక ఎత్తు, బాలు గారి గొంతు లేని ఈ కాసేపు ఒక ఎత్తు. ఇది పూర్తిగా సోమయాజులు గారి సొత్తు. నాటకాల రిహార్సల్స్‌లో మా కుర్రాళ్ళకి నేను ఈ ముక్కే చూపిస్తుంటాను.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. శంకరాభరణం వచ్చిన ఏడే బాపు గారి వంశవృక్షం వచ్చింది. భైరప్ప గారి కన్నడ నవల ఆధారం. అందులో కోడలు విధవరాలు, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది. వంశం, ఆచారం అని బతికిన పెద్దాయన, అంటే సోమయాజులు గారు, తన పుట్టుక గురించిన నిజం తెలిసి లోపల కూలిపోతాడు. మరుసటి ఏడు, 1981లో, సప్తపది. అందులో ఆయన యాజులు గారు, నిష్ఠాగరిష్ఠుడు. మనవరాలి మనసులో హరిజనుడైన హరిబాబు ఉన్నాడని తెలిశాక, ఊరు ఏమనుకున్నా సరే అని ఆమెని అతనితో పంపిస్తాడు. చూడండి, మూడు సినిమాల్లోనూ అగ్రహారపు పెద్దమనిషే. ముగ్గురికీ తాము నమ్మినదాన్ని తామే నిలబెట్టి ప్రశ్నించుకోవాల్సిన గడియ వస్తుంది.

రామప్ప పంతులు కూడా అగ్రహారపు పెద్దమనిషే కదా! అదే అరుగు, అదే జంధ్యం, అవే శ్లోకం ముక్కలు. ఆ అరుగు మీద ఆడపిల్లని ఎలా బేరం పెడతారో, ధర్మం పేరు చెప్పి ఎన్ని దొంగపనులు చేస్తారో పాతికేళ్ళు పైగా వేదిక మీద చూపించి వచ్చిన మనిషి, సప్తపదిలో మనవరాలి చెయ్యి వదిలిపెడుతున్నాడు. యాజులు గారి మొహంలో కనిపించే ఆ పెనుగులాట నాకు అందుకే అంత నిజంగా అనిపిస్తుంది. ఆచారం గొప్పతనం మాత్రమే తెలిసిన నటుడైతే అక్కడ ఒక చక్కటి ఉపన్యాసం చెప్పి ఊరుకునేవాడు. ఈయనకి దాని కుళ్ళు కూడా కంఠతా వచ్చు. శంకరశాస్త్రిని పూజించేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతే నాకు బాధగా ఉంటుంది. ఆ నిర్మలత్వం పుట్టుకతో వచ్చింది కాదు, రామప్ప పంతుల్ని ఎరిగి ఎరిగి సంపాదించింది.

తర్వాత బాపు గారి త్యాగయ్యలో త్యాగరాజు అయ్యారు. వంశీ సితారలో కనిపించారు. ఆ తర్వాత కూడా చాలా సినిమాలు చేశారు. ఎక్కువగా తాతగారు, గురువుగారు, పూజారి గారు. తెర మీదకి వస్తూనే వెనక తంబురా మోగుతుంది, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళిపోతారు. సినిమావాళ్ళ తప్పు పూర్తిగా అనను. జనం ఆయన్ని చూడగానే చేతులు జోడిస్తుంటే ఆ చేతుల్ని ఎవరు విడదీస్తారు? మా అమ్మమ్మ అయితే హాల్లోనే లేచి దండం పెట్టింది. అయినా సరే, అంత గొప్ప జిత్తులమారి పాత్రని అన్నేళ్ళు ఆడిన నటుడికి మన తెర అలాంటిది ఒక్కటి రాసిపెట్టి ఉండాల్సింది. గుసగుసగా మాట్లాడే ఊరి పెద్ద, కోర్టు మెట్ల మీద బతికే మనిషి, నవ్విస్తూనే గొంతు కోసేవాడు. మన కథల్లో ఇలాంటివాళ్ళకి కొదవేం లేదు. ఆ లోటుని తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

నాటకాన్ని ఆయన వదిలిపెట్టలేదు, అదొక్కటే ఊరట. శంకరాభరణం తెచ్చిన పేరుతో మద్రాసులో కూర్చుండిపోవచ్చు. అయినా మళ్ళీ వచ్చి పంతులు కండువా వేసుకునేవారు. శంకరశాస్త్రిని చూద్దామని వచ్చిన జనానికి వేదిక మీద రామప్ప పంతులు కనపడేవాడు. మొదటి పది నిమిషాలు జనం తికమకపడేవాళ్ళనీ, తర్వాత పగలబడి నవ్వేవాళ్ళనీ నాన్న చెప్తుంటే ఆ ఊహకే నాకు ఒళ్ళు పులకరించేది. 2004 ఏప్రిల్‌లో సోమయాజులు గారు పోయారు. రమణమూర్తి గారు 2016 జూన్‌లో.

మా బృందం ఈసారి కన్యాశుల్కం లోంచి కొన్ని ఘట్టాలు ఎత్తుకుంది. పంతులు వేషం ఒక ఇంజనీరింగు కుర్రాడిది. మనిషి బాగా పొడుగు, గొంతు కూడా పెద్దదే, అందుకని అన్ని మాటలూ గట్టిగా అరిచేస్తున్నాడు. వాడికి నేను చెప్పింది రెండే. ఒకటి, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ఒక పూట ఊరికే కూర్చుని వినమన్నాను. రెండు, సప్తపది చివరి భాగం చూడమన్నాను. సప్తపది ఎందుకు సార్ అని అడిగాడు. ముందు చూడు, రిహార్సల్‌కి వచ్చాక మాట్లాడుకుందాం అన్నాను.