ఎస్‌డీఆర్ బోర్డు కొనేముందు టైము లెక్క చూసుకోండి

విశాఖలో వైర్‌లెస్ మీద ఎంటెక్, పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎస్‌డీఆర్ (రేడియో పనిని ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌తో చేయించే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో) బోర్డు గురించి ముందుగా అడిగేది "ఎన్ని గిగాహెర్ట్జ్ దాకా పోతుంది?" అనే. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ ప్రయోగంలో ప్యాకెట్ అందాక ఎంతసేపట్లో జవాబు వెళ్లాలి?

యూఎస్ఆర్‌పీ బీ210 లాంటి బోర్డులో యాంటెన్నాకి తగిలిన సిగ్నల్ శాంపిళ్లుగా మారి యూఎస్‌బీ మీదుగా కంప్యూటర్‌కి వస్తుంది. డీకోడింగ్ అంతా అక్కడే. పోయి రావడానికి వందల మైక్రోసెకన్లు, ఒక్కోసారి మిల్లీసెకన్లే పడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలోనేమో ప్యాకెట్ ముగిసిన 10 మైక్రోసెకన్లకే ఏసీకే (అందిందని చెప్పే జవాబు) బయల్దేరాలి. ప్రాసెసర్ ఎంత గట్టిదైనా ఇది కుదరదు. ఆ పని బోర్డు మీది ఎఫ్‌పీజీఏలోనే (మనకి కావాల్సిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) జరగాలి, ఓపెన్‌వైఫై అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పట్టిన దారి అదే. ఎల్‌టీఈలో (4జీ) హార్క్ జవాబుకి (డేటా సరిగ్గా అందిందో, మళ్లీ పంపాలో చెప్పేది) 4 మిల్లీసెకన్ల గడువుంది కాబట్టే ఎస్ఆర్ఎస్‌రాన్, ఓపెన్‌ఎయిర్‌ఇంటర్‌ఫేస్ సాఫ్ట్‌వేర్లు మామూలు కంప్యూటర్ మీద బేస్ స్టేషన్ నడపగలుగుతున్నాయి. మ్యాక్ లేయర్ (ఎవరు ఎప్పుడు పంపాలో తేల్చే పొర) మీద పనిచేసేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకోకుండా బోర్డు కొంటే ఏడాది వృథా.

తర్వాత డేటా. ప్రతి శాంపిల్‌లో ఐ, క్యూ అని రెండు అంకెలుంటాయి. ఐకి 16 బిట్లు, క్యూకి 16 బిట్లు, వెరసి శాంపిల్‌కి 4 బైట్లు. సెకనుకి 2 కోట్ల శాంపిళ్లంటే 80 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద కూడా 60 దాటదు. అందుకే యూఎస్‌బీ 2.0 వాడే ప్లూటో బోర్డు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు అందుకున్నా, తెగకుండా కంప్యూటర్‌కి పంపగలిగేది సెకనుకి సుమారు 40, 50 లక్షల శాంపిళ్లే. గ్నూ రేడియో సాఫ్ట్‌వేర్‌లో డిస్కుకి రాసే ఫైల్ సింక్ కాంప్లెక్స్ ఫ్లోట్‌లో రాస్తే శాంపిల్‌కి 8 బైట్లు, అంటే ఆ 2 కోట్ల వేగానికి నిమిషానికి 9.6 గిగాబైట్లు. హార్డ్ డిస్క్ ఆ వేగానికి నిలవదు, టెర్మినల్‌లో ఇంగ్లీషు 'ఓ' అక్షరాలు వరసగా పడతాయి. శాంపిళ్లు పోతున్నాయని దానర్థం. రికార్డింగ్‌ని ముందు ర్యామ్‌లోకి తీయండి, సీపీయూ గవర్నర్‌ని (ప్రాసెసర్ వేగాన్ని పెంచి తగ్గించే సెట్టింగ్) పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, హబ్ తీసేసి నేరుగా పోర్టుకి పెట్టండి. వర్చువల్ మెషీన్ జోలికి పోవద్దు.

ఇక బోర్డు క్లాక్. దాని తప్పు కళ్లారా చూడాలంటే మన ఊరంత మంచి చోటు దొరకదు. హార్బర్ బయట లంగరేసిన ఓడలన్నీ ఏఐఎస్ (తామెవరో, ఎక్కడున్నాయో చెప్పే రేడియో సందేశాలు) పంపుతూనే ఉంటాయి, 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద. ఆర్‌టీఎల్ డాంగిల్‌కి (సిగ్నల్ అందుకోవడం మాత్రమే చేసే చిన్న యూఎస్‌బీ ఎస్‌డీఆర్) 46 సెంటీమీటర్ల నిలువు తీగ కట్టి, సముద్రం కనబడే డాబా మీద 162.000 దగ్గర ట్యూన్ చేయండి. రెండు చానెళ్లూ ఒకేసారి వస్తాయి, రిసీవరే పుట్టించే, నడిమధ్య నిలబడే డీసీ గీత ఏ చానెల్ మీదా పడదు. వాటర్‌ఫాల్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ మీద ఎప్పుడు సిగ్నల్ ఉందో చూపే బొమ్మ) 26.67 మిల్లీసెకన్ల పొట్టి గీతలు మెరుస్తాయి. డాంగిల్ క్లాక్‌ని నడిపే క్రిస్టల్ 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తప్పితే అవి 8.1 కిలోహెర్ట్జ్ పక్కకి జరుగుతాయి. 25 కిలోహెర్ట్జ్ చానెల్‌లో అంత జరిగితే డీకోడర్ నోరు మెదపదు. పావుగంట వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే పీపీఎం సవరించండి. ముందే సవరిస్తే వేడికి మళ్లీ జరుగుతుంది.

ఇదే తప్పు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఇంకా పెద్దది. 25 పీపీఎం అంటే 60 కిలోహెర్ట్జ్. ఎల్‌టీఈ సబ్‌క్యారియర్ల (డేటాని పంచుకుని మోసే సన్న ఫ్రీక్వెన్సీలు) మధ్య దూరం 15 కిలోహెర్ట్జ్ కాబట్టి నాలుగు సబ్‌క్యారియర్లు జరిగినట్టే. రెండు బోర్డులుంటే ఒకే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ క్లాక్ రెంటికీ ఇవ్వండి. అలా ఇచ్చే వీలు లేకపోతే ఆఫ్‌సెట్ సవరణని రిసీవర్‌లో మొదటే రాయండి.

ట్రాన్స్‌మిట్ పరీక్షలు గాలిలో మొదలుపెట్టొద్దు. లైసెన్సు అక్కర్లేని బ్యాండ్లకీ పవర్ హద్దులున్నాయి, పైగా ఇది నౌకాదళం, పోర్టు ఉన్న ఊరు. కేబుల్‌తో కలపండి, కానీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే భాగం) లేకుండా ఎప్పుడూ వద్దు. బీ210 అవుట్‌పుట్ 10 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే పవర్) దాటుతుంది, ఇన్‌పుట్ తట్టుకునేది మైనస్ 15 డీబీఎం వరకే. 30 డీబీ అటెన్యుయేటర్లు రెండు వరసగా పెట్టండి. అప్పుడు మైనస్ 50 దగ్గర అందుతుంది. 20 మెగాహెర్ట్జ్‌లో నాయిస్ మైనస్ 93 చుట్టూ ఉంటుంది కాబట్టి ఎస్ఎన్ఆర్‌కి (నాయిస్ కంటే సిగ్నల్ ఎంత ఎక్కువో చెప్పే లెక్క) కొరతే లేదు.

బీచ్ గాలి కేబుళ్లు బిగించే ఎస్ఎంఏ కనెక్టర్లను తినేస్తుంది. వాడనప్పుడు మూతలు పెట్టండి, ఐసోప్రొపైల్‌తో తుడవండి, బిగించేటప్పుడు నట్టునే తిప్పండి. కేబుల్ ఒళ్లు తిప్పితే లోపలి సన్న పిన్ను అరుగుతుంది. రిజల్టు గంటకో రకంగా వస్తుంటే టోన్ ఒకటి పంపుతూ కేబుల్‌ని వేలితో కదపండి. లెవెల్ రెండు డీబీ ఊగిందా, కోడ్ ముట్టకుండా ముందు ఆ కనెక్టర్ మార్చండి.