అమ్మ పాదాల పరీక్ష

అమ్మకు టైప్ 2 మధుమేహం ఉందని తేలగానే వైద్యురాలు పాదాలు, కళ్లు, మూత్రం పరీక్షించాలన్నారు. ఏ బాధా లేని మనిషికి ఇవన్నీ ఎందుకని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఈ రకం మధుమేహం బయటపడేనాటికే ఏళ్ల తరబడి లోలోపల ఉండి, నరాలను, సన్నని రక్తనాళాలను దెబ్బతీసి ఉండవచ్చునని ఆవిడ ఓపికగా వివరించారు. అమ్మను కళ్లు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలిలో ఒక్కో చోట ఆనిస్తూ, తెలిసినప్పుడల్లా చెప్పమన్నారు. బొటనవేలి కింద ఆనించినప్పుడు అమ్మ ఏమీ చెప్పలేదు. ఆ క్షణం నాకు నిజంగా భయం వేసింది. తట్టితే కంపించే లోహపు పనిముట్టైన 128 హెర్ట్జ్ శృతిదండం కంపనం కూడా ఆ వేలికి అందలేదు.

తర్వాత చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చారు. ఆ నిష్పత్తి 0.9 కంటే తగ్గితే కాలి ధమనులు ఇరుకైనట్టు భావిస్తారు. అయితే మధుమేహంలో ధమనులు గట్టిపడి అంకె ఎక్కువగా కనిపించే వీలుంది కనుక, దానినొక్కదాన్నే నమ్మకూడదు. మూత్రపిండాలు దెబ్బతింటే మూత్రంలోకి జారే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మాత్రం, గ్రాము క్రియాటినిన్‌కు (కండరాల నుంచి వచ్చే వ్యర్థపదార్థం) 30 మిల్లీగ్రాముల లోపే, అంటే మామూలుగానే ఉంది. రక్తంలో క్రియాటినిన్ ఒక్కటే చూసి మూత్రపిండాలు బాగున్నాయనుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. రెటీనా ఫోటో వచ్చే వారం తీయిస్తున్నాం.